బుడాపెస్ట్‌లో ఆఖరి రోజు: వేడినీళ్ల స్నానానికి డబ్బు పెట్టాలా, ఊరికే తిరగాలా?

ఆఖరి సెమిస్టర్:
ఇద్దరం జర్మనీలో మాస్టర్స్ చేస్తున్నాం. శుక్రవారం మధ్యాహ్నం బుడాపెస్ట్‌లో దిగాం, రేపు ఆదివారం రాత్రి 8:40కి తిరుగు ఫ్లైట్. పదింటికల్లా హాస్టల్ ఖాళీ చేయాలి, బ్యాగులు మాత్రం సాయంత్రం దాకా ఉంచుకుంటామన్నారు. నా దగ్గర మిగిలింది 40 యూరోలు. మా వాడు ఇక్కడి సేచేని వేడినీళ్ల స్నానాల ఇంట్లో మునగందే కదలనంటున్నాడు. దాని టికెట్ 10,000 ఫోరింట్లు దాటిపోయింది, అంటే 25 యూరోల పైమాటే. నాకేమో నది పక్కన ఊరికే తిరగాలని ఉంది. పొద్దుట్నుంచీ ఇదే గొడవ. మీరైతే ఏం చేస్తారు?

నడకపిచ్చోడు:
స్నానం వద్దు తమ్ముడూ. మొదటి రోజయితే నేనూ వెళ్లమనేవాణ్ణి. ఆఖరి రోజు తడి బట్టలు ఎక్కడ ఆరేస్తారు? చౌక టికెట్‌కి విమానం వాళ్లిచ్చేది సీటు కింద పట్టే 40×30×20 బ్యాగు ఒక్కటే. అందులో తడి టవల్ పెట్టారంటే లాప్‌టాప్‌కి కూడా స్నానమే. పైగా నీళ్లలో ఉన్నంతసేపూ గోడ గడియారం వైపే చూపు. 25 యూరోలు పెట్టి టెన్షన్ కొనుక్కోవడం ఎందుకు? నది మధ్యలోని మార్గరెట్ దీవికి టికెట్ అక్కర్లేదు. ఆకుపచ్చ ఇనప వంతెన, అదే లిబర్టీ బ్రిడ్జి, దాని మీద నడవడానికీ అక్కర్లేదు.

కోనసీమ కుర్రాడు:
అన్నా, వంతెన మీద నడవాలంటే రాజమండ్రిలో లేదా? బుడాపెస్ట్ వెళ్లి వేడినీళ్లలో దిగకపోవడమంటే మంగళగిరి వెళ్లి పానకం పుచ్చుకోకుండా కొండ దిగినట్టే. సేచేని 1913లో కట్టారు. ఆ నీళ్లు దాదాపు 1,250 మీటర్ల లోతు నుంచి 70 డిగ్రీలకు పైగా కాగుతూ వస్తాయి, చల్లార్చి కొలనుల్లోకి వదులుతారు. పెద్దాయనలు పీకల్లోతు నీళ్లలో నిలబడి చదరంగం ఆడుకుంటుంటారు. ఇది ఫొటోలో చూస్తే తెలిసేది కాదు. 25 యూరోలు నెలలో రెండు పిజ్జాలు మానేస్తే వచ్చేస్తాయి.

రూపాయి మాస్టారు:
స్నానం సంగతి తర్వాత, ముందు ఎయిర్‌పోర్ట్ లెక్క చూడండి. ఊరి మధ్య డెయాక్ తేర్ నుంచి 100ఇ బస్సు నేరుగా వెళుతుంది కానీ, దానికి మామూలు పాస్ చెల్లదు. విడిగా కొనాలి, రెండు వేల ఫోరింట్లు దాటింది. మీరు శుక్రవారం మధ్యాహ్నం దిగగానే 72 గంటల పాస్ కొని ఉంటే అది సోమవారం దాకా పనిచేస్తుంది. దాంతోనే మూడో లైన్ మెట్రోలో కిష్‌పెష్ట్ దాకా వెళ్లి, అక్కడ 200ఇ బస్సు ఎక్కండి. ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. మిగిలే డబ్బుతో భోజనం కాకపోయినా టిఫిన్ అవుతుంది.

ఇంకో మాట, ఇది మన పాస్‌పోర్ట్ వాళ్లకే. చౌక విమానాల్లో కొన్నిటికి బోర్డింగ్ పాస్ ఫోన్‌లో ఉన్నా, సెక్యూరిటీకి ముందు కౌంటర్‌లో వీసా, రెసిడెన్స్ కార్డు చూపించాలి. అది మర్చిపోయి గేటు దగ్గర్నుంచి వెనక్కి పరుగెత్తినవాణ్ణి, అందుకే చెబుతున్నాను. రెండు గంటల ముందే చేరుకోండి.

వియన్నా వదిన:
పోయినేడాది మా అమ్మతో వెళ్లాను. కొలనులోకి స్విమ్‌సూట్ ఉంటేనే రానిస్తారు. అమ్మ ససేమిరా అంది. పైగా "ప్రయాణం రోజు తలంటేమిటే" అని నన్నే తిట్టింది. నాకు కాస్త కోపం వచ్చిన మాట నిజం. చేసేదేం లేక రెండో నంబర్ ట్రామ్ ఎక్కాం. అది డాన్యూబ్ ఒడ్డు వెంటే వెళుతుంది, పార్లమెంట్ దగ్గర దిగి నది వైపు నడిచాం. అక్కడ గట్టు మీద వరసగా 60 జతల ఇనప చెప్పులుంటాయి. అమ్మ చూసి, "ఎవరో స్నానానికి దిగినట్టున్నారే" అంది. మన గోదావరి రేవుల్లో అలాగే విప్పుతాం కదా. 1944-45 చలికాలంలో యూదుల్ని ఒడ్డున నిలబెట్టి, చెప్పులు విప్పించి, కాల్చి నదిలో పడేశారని, వాళ్ల గుర్తుగా 2005లో పెట్టారని చెప్పాను. అమ్మ చాలాసేపు కదల్లేదు. ట్రిప్‌లో ఇంకేం గుర్తున్నా లేకపోయినా నాకు ఆ పూట గుర్తుంది.

నడకపిచ్చోడు:
నేను చెప్పిందీ అదే కదా వదినా.

కోనసీమ కుర్రాడు:
వదిన మాటకి ఎదురు చెప్పను. కానీ అన్నా, ఆవిడ ఎక్కింది ట్రామ్.

మిరపకాయ బజ్జీ:
సేచేని ఒక్కటే స్నానాల ఇల్లా? అవతలి ఒడ్డున, మార్గరెట్ వంతెనకి దగ్గర్లో లుకాచ్ ఉంది. టికెట్ సేచేని కంటే తక్కువ, సెల్ఫీ కర్రల గోలా తక్కువే. చెప్పులు, టవల్ మీవే పట్టుకెళ్లండి, అద్దెలకి పోయిందే ఎక్కువవుతుంది. కార్డు గీకేటప్పుడు "యూరోల్లో కట్టమంటారా" అని మెషీన్ అడిగితే ఫోరింట్లే నొక్కండి, యూరో అంటే రేటు వాళ్లిష్టం. ఆఖరికి మిగిలిన చిల్లర నాణేలు ఆ దేశం బయట ఎవరూ మార్చరు, ఆ ఊళ్లోనే తినేయాలి. పాప్రికా పొడి కొనండి. మన కారంలా మండదు, రంగే ఎక్కువ. తేనె సీసా మాత్రం హ్యాండ్ బ్యాగులో పెట్టేముందు ఎయిర్‌పోర్ట్ రూల్ చూసుకోండి, సెక్యూరిటీలో తీసేసినా తీసేస్తారు. ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ మిగిలి ఉంటే దానికీ ఇదే భయం, పొద్దున్నే అన్నంలో ఖాళీ చేయండి.

ఆఖరి సెమిస్టర్:
నిన్న రాత్రి చేరుకున్నాం. అందరికీ థాంక్స్. పొద్దున లుకాచ్‌కే వెళ్లాం, రెండు గంటలు. బయటికొచ్చేసరికి ఎంత ఆకలంటే, ఒక్కొక్కడూ ఒక లాంగోష్ లాగించేశాం (నూనెలో వేయించిన పెద్ద రొట్టె, పైన వెల్లుల్లి, పుల్లటి క్రీమ్, చీజ్). తర్వాత రెండో నంబర్ ట్రామ్. వదినా, ఆ చెప్పుల దగ్గర చిన్నపిల్లలవి కూడా ఉన్నాయి, మీరు చెప్పలేదు. మా వాడు కూడా అక్కడ నోరెత్తలేదు. 200ఇలోనే వెళ్లాం మాస్టారూ, కౌంటర్‌లో కార్డు చూపించాం. జేబులో 85 ఫోరింట్లు మిగిలాయి.

నడకపిచ్చోడు:
అన్నీ చెప్పావు. తడి టవల్ ఏమైంది?

ఆఖరి సెమిస్టర్:
వాడి బ్యాగులో పట్టలేదు. నా బ్యాగులో వచ్చింది.

కోనసీమ కుర్రాడు:
లాప్‌టాప్?

ఆఖరి సెమిస్టర్:
బియ్యం డబ్బాలో ఉంది.