రాత్రి చెమటలు, అరచేతుల్లో మంట: ఇది యిన్ లోపమేనా?

సింగపూర్_వాసి:
కొన్ని వారాలుగా నిద్రలో చెమట పట్టి దిండు తడిసిపోతోంది, అరచేతులు అరికాళ్ళు ఒకటే మంట. ఇక్కడ చైనా మందుల షాపులో నాలుక చూసి యిన్ లోపం అన్నారు, లియువెయ్ దిహువాంగ్ మాత్రలు ఇచ్చారు. మనవాళ్ళు వేడి చేసిందంటారే, అదే కదా ఇది? మజ్జిగ, సబ్జా తాగితే పోదా?

నాడి_పట్టేవాడు:
కాదండీ. నాలుక మీద పసుప్పచ్చ పాచి మందంగా పేరుకుని, నాడి గట్టిగా కొట్టుకుంటూ, చల్లటి నీళ్ళు గ్లాసులకి గ్లాసులు తాగాలనిపిస్తే అది వేడి ఎక్కువవడం. యిన్ లోపంలో వేడి పెరగదు, దాన్ని అదుపు చేసే చలువా తడీ (యిన్ అంటే అవే) తగ్గిపోతాయి: పొయ్యి మంట అంతే, గిన్నెలో నీళ్ళే ఇంకిపోయాయి. అందుకే మధ్యాహ్నం దాటాక బుగ్గలు ఎర్రబడతాయి, సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడుతుంది, రాత్రి గొంతు ఎండినా ఒక గుక్కతో సరిపోతుంది. నాడి సన్నగా, వేగంగా ఉంటుంది. నాలుక ఎర్రగా, పాచి దాదాపు లేకుండా, ఒక్కోసారి పగుళ్ళతో ఉంటుంది. కానీ మనకి పొద్దున్నే నాలుక గీసుకునే అలవాటు ఉంది, గీసుకున్నాక చూసి పాచి లేదంటే ఎలా? కాఫీ కూడా తాగకముందు, పగటి వెలుగులో చూసుకోండి. ఇంతకీ షాపులో నాడి పట్టుకున్నారా?

ల్యాబ్_రిపోర్ట్:
నాడి సంగతి తర్వాత. నిద్రలో చెమటలు, సాయంత్రం జ్వరం, వీటికి దగ్గు, బరువు తగ్గడం తోడైతే ముందు టీబీని అనుమానించాలి. చైనాలో పాతకాలం వైద్యులు క్షయని ఎక్కువగా యిన్ లోపం కిందే లెక్కేసి మందులిచ్చారు, ఆ క్రిమిని చంపే స్ట్రెప్టోమైసిన్ 1940లలో గానీ రాలేదు. థైరాయిడ్ ఎక్కువైనా ఒంట్లో వేడి, చెమట, వేగంగా కొట్టుకునే నాడి ఉంటాయి. ఐరన్, బీ12 తగ్గినా నాలుక నున్నగా ఎర్రబడుతుంది.

నాడి_పట్టేవాడు:
టెస్టులు వద్దని నేను అనలేదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తన జబ్బుల వర్గీకరణ జాబితా ఐసీడీ-11లో యిన్ లోపం లాంటి ఈ లక్షణ సముదాయాలకి చోటిచ్చింది, 2022 నుంచి అమల్లో ఉంది.

ల్యాబ్_రిపోర్ట్:
అది కేసులు నమోదు చేసుకోవడానికండీ, ఈ వైద్యం పనిచేస్తుందని ఇచ్చిన సర్టిఫికెట్ కాదు.

నాడి_పట్టేవాడు:
సరే, రిపోర్టులన్నీ నార్మల్ వచ్చి చెమటలు ఆగకపోతే మీవాళ్ళు టెన్షన్ అని పంపించేస్తారు, ఆ మనిషి ఎక్కడికి పోవాలి? సింగపూర్ గారూ, ఆ మాత్రల్లో ప్రధానమైన దిహువాంగ్ దుంప జీర్ణానికి బరువు. కడుపు ఉబ్బరం, పల్చటి విరేచనాలు ఉంటే మాత్రం నాడి చూడకుండా షాపులో ఇచ్చారని మింగకండి.

ల్యాబ్_రిపోర్ట్:
ఛాతీ ఎక్స్‌రే, థైరాయిడ్, షుగర్, రక్తం టెస్టులు ఈ వారమే చేయించుకోండి. దగ్గు ఉంటే కఫం పరీక్ష కూడా.