వయసు పెరిగేకొద్దీ సంగీతంలో మన అభిరుచి ఎదుగుతుందా, ఉన్నచోటే ఆగిపోతుందా?

గోదావరి_గట్టు:
మొన్న ఆదివారం కారులో మా అబ్బాయి ఏదో కొత్త పాట పెట్టాడు. రెండు నిమిషాలు విని ఆపమన్నాను. "నాన్నా, నీ చెవులు 1990 దగ్గరే ఆగిపోయాయి" అన్నాడు. ఆ మాట నాలుగు రోజులుగా మనసులోంచి పోవడం లేదు.

నాకు 54 ఏళ్ళు. ఎక్కడా ఆగలేదని నా నమ్మకం. ఘంటసాల గారు 1974లో పోయేనాటికి నేను పసివాణ్ణి, కానీ పదేళ్ళు వచ్చేదాకా మా ఇంట్లో మోగింది ఆయన గొంతే. 1980లో శంకరాభరణం వచ్చింది. హైస్కూల్, ఇంటర్ అంతా ఇళయరాజా. సాగర సంగమం క్యాసెట్ అరిగిపోయి రెండోది కొన్నాను. డిగ్రీలో ఉండగా 1992లో రోజా. హాస్టల్ గదిలో ఆ బాస్ వినబడ్డ రోజు ఎవరికీ నిద్ర లేదు. ముప్పై దాటాక సినిమా పాట మెల్లగా పక్కకి జరిగింది. మా అమ్మ పోయిన ఏడాది కర్ణాటక సంగీతం పట్టుకున్నాను. ఇప్పుడు రోజూ పొద్దున్నే గంటసేపు వింటాను. త్యాగరాజ పంచరత్నాల్లో నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో ఏది ఏదో పల్లవి ఎత్తుకోగానే చెప్పగలను.

చిన్నప్పుడు జిలేబీ కావాలంటాం, పెద్దయ్యాక కాకరకాయ కూర రుచి తెలుస్తుంది. పరిణతి అంటే ఇదేనని నేనంటాను. మీరేమంటారు?

డాలస్_పద్మ:
మా అమ్మాయికి 15. రోజంతా కొరియా పాటలే, ఒక్క ముక్క భాష రాదు. నేనూ దాని వయసులో హిందీ రాకుండానే హిందీ పాటలు పాడుకునేదాన్ని. అందుకే ఏమీ అనను.

వాయిద్యం77:
గట్టు గారూ, మీరు రాసినదంతా బాగుంది, ఆ "పరిణతి" తప్ప. అభిరుచి మారిందనండి, ఒప్పుకుంటాను. పరిణతి అన్నారంటే అంతకుముందు విన్నది పచ్చికాయ అన్నట్టే. అంటే ఇళయరాజా దగ్గర ఉండిపోయినవాడు పండలేదన్నమాట. మా ఊళ్ళో డెబ్భై ఏళ్ళ టైలర్ ఇవాళ్టికీ ఘంటసాల పద్యాలే వింటాడు. ఒక్కో పద్యంలో ఏ అక్షరం మీద గొంతు ఎలా వంగుతుందో చేత్తో గాల్లో గీసి చూపిస్తాడు. ఆయనకి పరిణతి లేదా?

టేప్‌రికార్డర్:
ఎవరూ అనని ఒక కారణం ఉంది: క్యాసెట్. మన రోజుల్లో పాట దాటేయడం కష్టం. ఫార్వర్డ్ నొక్కితే ఎక్కడ ఆగుతుందో తెలియదు, పైగా టేపు చుట్టుకుపోతుందని భయం. కాబట్టి నచ్చని పాట కూడా యాభైసార్లు వినేవాళ్ళం, యాభై ఒకటోసారి అదే నచ్చేది. ఇప్పుడు పది సెకన్లలో నచ్చకపోతే తరవాతి పాటే. అభిరుచి మారాలంటే నచ్చనిదాన్ని భరించాలి. 60 నిమిషాల క్యాసెట్ మనకి నేర్పింది అదే. (90 నిమిషాలది కాదు. దాని టేపు పల్చన, తొందరగా సాగిపోతుంది.)

గోదావరి_గట్టు:
వాయిద్యం గారూ, ఆ టైలర్ గారిని నేనేమీ అనలేదు. నా గురించి చెప్పుకున్నాను. కానీ ఒక మాట. లోతైనది, లోతు లేనిది అని తేడా ఉందా లేదా? ఇప్పటి పాటల్లో మాటే వినబడదు. గాయకుడు దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు ఉంటుంది. మాట వినబడని పాట నచ్చలేదంటే నేను ఆగిపోయినట్టా?

చెవి_డాక్టర్:
మాట వినబడకపోవడం గురించి నా వృత్తి రీత్యా చెప్తాను. వయసుతో పాటు ముందు తగ్గేది పై స్థాయి శబ్దాలు వినే శక్తి. చాలామందిలో నలభై, యాభై నుంచే మొదలవుతుంది, మనకి తెలియకుండానే. స, శ, ఫ, త లాంటి హల్లులు ఆ పై స్థాయిలోనే ఉంటాయి. అచ్చులు బాగానే వినిపిస్తాయి. అందుకే పెద్దవాళ్ళు "వినబడుతోంది గానీ అర్థం కావడం లేదు" అంటారు. వెనక వాయిద్యాల హోరు ఎక్కువైతే ఇంకా కష్టం. పాత పాటల్లో మాటలు మీకు ముందే కంఠస్థం, చెవి వదిలేసినదాన్ని మెదడు పూరిస్తుంది. ఆ సాయం కొత్త పాటకి లేదు.

గోదావరి_గట్టు:
డాక్టర్ గారూ, పోయినేడే పరీక్ష చేయించుకున్నాను. నా చెవులకి ఏ లోపమూ లేదు.

చెవి_డాక్టర్:
మంచిదే. మామూలు పరీక్ష 8000 హెర్ట్జ్ దాకానే చేస్తారు. ఆ పైన తగ్గినా అందులో తేలదు.

టేప్‌రికార్డర్:
డాక్టర్ గారి మాట సగమే నిజం. రికార్డింగే మారింది. పాతరోజుల్లో గాయకుడు, ఆర్కెస్ట్రా అంతా ఒకే స్టూడియోలో ఒకేసారి పాడి వాయించేవాళ్ళు. గొంతు ముందు, వాయిద్యాలు వెనక. ఎవరైనా తప్పు చేస్తే మొత్తం మొదటినుంచి. ఇప్పుడు దేనికది విడిగా రికార్డు చేసి కలుపుతారు, శబ్దాన్ని మొదటినుంచి చివరిదాకా ఒకే ఎత్తులో నొక్కేస్తారు. ఎత్తుపల్లాలు లేకపోతే చెవి అలిసిపోతుంది. దానికి వయసుతో పనిలేదు.

గోదావరి_గట్టు:
అదే నేను చెప్పేది.

వాయిద్యం77:
మీరు చెప్పేది అది కాదండీ. పరిణతి అన్నారు. ఇప్పుడు మిక్సింగ్ మీదకి, చెవుల మీదకి పోయింది కథ. నేను మళ్ళీ అక్కడికే వస్తాను.

పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ లోపు జరిగినవే మనిషికి ఎక్కువ గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రంలో బాగా స్థిరపడిన విషయం. ఆ వయసులో విన్న పాట జీవితమంతా అంటుకుని ఉంటుంది. మీరు మీ మొదటి పోస్టులోనే రాశారు, "మా అమ్మ పోయిన ఏడాది" అని. అమ్మ గారు వంటింట్లో విజయవాడ రేడియోలో భక్తిరంజని పెట్టేవారేమో. ఇప్పుడు మీరు పొద్దున్నే వింటున్నది ఆ వంటిల్లు. అది తప్పని అనడం లేదు. అభిరుచి పైకి ఎదగలేదు, వెనక్కి ఇంటికి వెళ్ళింది. దానికి మెట్లు కట్టి "నేను ఇంత ఎత్తుకి వచ్చాను" అనకండి.

గోదావరి_గట్టు:
మా అమ్మని ఇందులోకి ఎందుకు లాగుతారు? అవును, భక్తిరంజని పెట్టేది. తిరగమోత చప్పుడులో సగం వినబడేది కూడా కాదు. నేను విసుక్కుని సౌండ్ తగ్గించేవాణ్ణి. ఆమె పోయాక పదిహేను రోజులకి, పొద్దున్నే నా అంతట నేనే రేడియో పెట్టాను. అందులో కీర్తన ఏదో తెలుసుకోవాలని, రాగం తెలుసుకోవాలని కూర్చున్నాను. ఏళ్ళ తరబడి కష్టపడ్డాను. స్వరజ్ఞానం లేనివాణ్ణి, నలభై దాటాక ఒక మాస్టారి దగ్గర చేరి పిల్లల మధ్య కూర్చుని సరళీ స్వరాలు పాడాను. ఆ కష్టాన్ని "ఇంటికి వెళ్ళారు" అని ఒక్కమాటలో కొట్టిపారేయడానికి మీకేం హక్కుంది? మీకు శాస్త్రీయ సంగీతం అంటే పడదని మాత్రం అర్థమవుతోంది. నేర్చుకోవడానికి బద్ధకించినవాళ్ళే తేడా లేదంటారు.

మోడరేటర్:
వ్యక్తిగతం వద్దు. ఇద్దరికీ చెప్తున్నాను.

వాయిద్యం77:
మోడరేటర్ గారూ, ఇది వ్యక్తిగతమే. ఇప్పటిదాకా దాచాను, ఇక చెప్తాను.

మాది సన్నాయి మేళం ఇల్లు. మా తాత, మా నాన్న సన్నాయి, మా పెదనాన్న డోలు. శాస్త్రీయ సంగీతం నాకు పడదన్నారు. నేను నడక నేర్చేటప్పటికే తోడి రాగం ఆలాపన విన్నాను. పొద్దున నాలుగింటికి మా నాన్న రెల్లు పీకని మంచినీళ్ళలో తడిపి, పెదవుల మధ్య పెట్టుకుని ఊది చూసేవాడు. సరిగా పలక్కపోతే సన్నని దారం బిగించి మళ్ళీ ఊదేవాడు. ఆ కీచుమనే చప్పుడే నాకు కోడికూత. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా సాహెబ్ గారంటే మా నాన్నకి దేవుడు. ఆయన వాయిద్యం రేడియోలో వస్తే ఇంట్లో ఎవరూ కదలకూడదు.

అలాంటి మనిషి పెళ్ళి పందిట్లో రెండు గంటలు వాయిస్తే వినేవాడు లేడు. ఎదుర్కోలప్పుడు ఆయన తోడి ఎత్తుకుంటే వెనకాల పేకాట. మంగళసూత్రం కట్టేటప్పుడు మాత్రం "గట్టిమేళం, గట్టిమేళం" అని అరుపులు. అదీ ఎవరో తుమ్మితే వినబడకూడదని. భోజనం చివరి బంతిలో, అదీ వసారాలో. 1996లో ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామ వచ్చి, "ఆ ఏడుపు ఆపి ఆ కొత్త సినిమా పాట కొట్టవయ్యా" అన్నాడు. మా నాన్న కొట్టాడు. ఇల్లు గడవాలి. నేను పక్కన తాళం వేస్తున్నాను. ఆయన మొహం చూడలేక తలవంచుకున్నాను. ఆ తర్వాత బ్యాండు వచ్చింది, తర్వాత డీజే. నేను వాయిద్యం వదిలేసి ఉద్యోగంలో చేరాను.

ఆ పందిట్లో పేకాడినవాళ్ళే ఇప్పుడు యాభై దాటి, టికెట్ కొనుక్కుని ఏసీ హాల్లో కూర్చుని తలూపుతున్నారు. "మా అభిరుచి పరిణతి చెందింది" అంటున్నారు. అదే రాగం అప్పుడు మీ ఇంటి గుమ్మంలో ఉచితంగా మోగింది. అప్పుడు అది మేళగాళ్ళ గోల. ఇప్పుడు అది ఉత్తమ సంగీతం. మారింది మీ చెవులు కాదు, వాయించేవాడు కూర్చున్న చోటు. గట్టు గారూ, మిమ్మల్ని ఒక్కరినే అనడం లేదు. ఆ మాట వినబడినప్పుడల్లా నాకు ఆ వసారా గుర్తొస్తుంది.

ఓరుగల్లు_బిడ్డ:
అన్నా, చదువుతుంటే కండ్లల్ల నీళ్ళొచ్చినయి. మా దగ్గర బతుకమ్మకి అమ్మలక్కలు చప్పట్లు కొట్టుకుంట గుండ్రంగ తిరిగి పాడేటోళ్ళు. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేటోళ్ళు. ఇప్పుడు పెద్ద పెద్ద స్పీకర్ల ముందు ఎవ్వరూ పాడుతలేరు, ఆడుతున్నరంతే. మా నానమ్మకి నూరు పాటలు వచ్చు. ఆమె పాటలు నాకు ఇప్పుడు కావాలె, అడగనీకి ఆమె లేదు.

టేప్‌రికార్డర్:
శంకరాభరణం గురించి ఒక మాట కలపాలి. అది వచ్చాక పల్లెల్లో కూడా కీర్తనలు పాడుకున్నారు. దానికి జాతీయ అవార్డు అందుకున్న బాలు గారు శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదని ఆయనే చాలాసార్లు చెప్పారు. కాబట్టి సినిమా పాట కింది మెట్టు, కీర్తన పై మెట్టు అనే లెక్క నాకు మొదటినుంచీ నచ్చదు.

గోదావరి_గట్టు:
నిన్నంతా ఏమీ రాయలేకపోయాను.

వాయిద్యం గారూ, బద్ధకం అన్న మాట తప్పు. క్షమించండి. నా పెళ్ళి 1999లో. సన్నాయి మేళం ఉంది. వాళ్ళ పేర్లు నాకు తెలియవు. ఏ రాగం వాయించారో ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు. వీడియో క్యాసెట్ సీడీ చేయించాం కదా అని రాత్రి పెట్టి చూశాను. వీడియోవాడు మేళం మోగినంతసేపూ ఆ శబ్దం తీసేసి దానిమీద సినిమా పాట వేశాడు. అప్పగింతలప్పుడు మా ఆవిడ వాళ్ళమ్మని పట్టుకుని ఏడుస్తోంది. వెనకాల ఒకాయన కళ్ళు మూసుకుని ఊదుతున్నాడు, బుగ్గలు ఉబ్బి ఉన్నాయి, వినబడేది మాత్రం వేరే. అది చూస్తూ ఉండిపోయాను.

అయినా ఒకటి చెప్పాలి. పరిణతి అన్న మాట నేను వెనక్కి తీసుకోలేను. 27 ఏళ్ళ వయసులో ఆయన వాయించింది నాకు వినబడలేదు. ఇప్పుడైతే వినబడేది. ఆ తేడాకి నా దగ్గర వేరే మాట లేదు.

వాయిద్యం77:
మీకు వినబడడానికి 54 ఏళ్ళు పట్టింది. మాకు పుట్టుకతోనే వినబడింది. మాది పరిణతి అని ఎవరూ అనలేదు, కులవృత్తి అన్నారు. మన ఇద్దరికీ తేడా అక్కడే ఉంది. దాన్ని మీరు ఒప్పుకోరు, నేను వదలను.

మా నాన్న అప్పగింతలకి ముఖారి రాగం వాయించేవాడు. ఎవరూ అడక్కపోయినా అదే. మీ పెళ్ళిలో ఆయనా అదే వాయించి ఉండొచ్చు.

గోదావరి_గట్టు:
మీ నాన్నగారి వాయిద్యం రికార్డు ఏమైనా ఉందా?

వాయిద్యం77:
ఒక్క క్యాసెట్ ఉంది. 1991లో మా చిన్నత్త పెళ్ళిలో ఎవరో రికార్డు చేశారు. 90 నిమిషాలది. రెండో వైపు ముఖారి ఉంది. పదేళ్ళుగా వినలేదు. టేపు మీద తెల్లటి బూజులా పట్టింది, ప్లేయర్‌లో పెడితే తెగిపోతుందని భయం.

టేప్‌రికార్డర్:
ఏ ప్లేయర్‌లోనూ పెట్టకండి! బూజు టేపుని చదివే హెడ్‌కి అంటుకుంటుంది, 90 టేపు కాబట్టి సాగుతుంది కూడా. ముందు క్యాసెట్ మూలల్లో స్క్రూలు ఉన్నాయో, అతికించి ఉందో చూసి చెప్పండి. ఐదు స్క్రూలు ఉంటే పని తేలిక. విప్పి, టేపు చుట్టలు రెండూ వేరే మంచి డబ్బాలోకి మార్చవచ్చు. టేపు వెనక ఉండే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయి ఉంటుంది, అదీ కొత్తది పెట్టాలి. ఫాస్ట్ ఫార్వర్డ్ అస్సలు వద్దు, పెన్సిల్ పెట్టి చేత్తోనే తిప్పాలి. నా దగ్గర బాగుచేసిన డెక్ ఉంది. మీరు ఏ ఊళ్ళో ఉంటారు?

వాయిద్యం77:
ఒంగోలు. స్క్రూలు ఉన్నాయి. నాలుగే కనబడుతున్నాయి, ఒకటి ఊడిపోయినట్టుంది.

టేప్‌రికార్డర్:
నాలుగు చాలు. శనివారం వస్తాను.