క్యాంపస్ ఫెలోషిప్ బైబిల్ స్టడీలో అందరితో మాట్లాడించడం ఎలా?

అందరికీ వందనాలు. స్టూడెంట్లే నడిపే వారపు బైబిల్ స్టడీ గురించి సలహా కావాలి. 14 మంది, 50 నిమిషాలు, మార్కు సువార్త. పద్ధతి మామూలుదే: ముందు గమనించడం, తర్వాత భావం, చివర అన్వయం (మన జీవితానికి ఎలా వర్తిస్తుందో చూడడం).

చిక్కంతా మొదటి మెట్టులోనే. ఉదాహరణకు 2వ అధ్యాయం, 1-12 వచనాలు (పక్షవాత రోగిని యేసు దగ్గరికి మోసుకొచ్చిన సంఘటన). "మోసుకొచ్చింది ఎంతమంది?" అంటే "నలుగురు" అని ఒక్కరే చెప్పేస్తారు, అక్కడితో అయిపోతుంది. "యేసు ఎవరి విశ్వాసం చూశాడు?" అని అడిగితే మాత్రం అందరూ మళ్లీ 5వ వచనంలోకి తొంగిచూస్తారు, ఎందుకంటే అక్కడ ఉన్నది "వారి విశ్వాసము". ఇలాంటి ప్రశ్నలు ఒక భాగానికి ఎన్ని ఉంటే సరిపోతాయి? నాలుగు దాటితే అన్వయానికి టైమ్ మిగలడం లేదు.

ఇంకో సంగతి. చర్చిలో పెరిగినవాళ్లు వెంటనే బైబిల్‌లోని వేరే పుస్తకాల నుంచి వచనాలు ఎత్తి చెబుతారు (ప్రసంగం మొదలైనట్టే!). బైబిల్ కొత్తగా తెరిచినవాళ్లు బిక్కమొహం వేస్తారు. చర్చిలో పెరిగినవాళ్లను నొప్పించకుండా చర్చను అదే భాగంలో ఉంచడం ఎలా? ఏడుగురేసి రెండు గుంపులు చేస్తే నయమా? రెండో లీడర్‌ను తయారు చేయడానికి ఎన్ని వారాలు పడుతుంది? నడిపిన అనుభవం ఉన్న అన్నలు, అక్కలు చెప్పగలరు.