"బాంబులేటి గండం": ఇందులో ‘ఏటి’ ఏది?

రేవుగట్టు: మా అమ్మమ్మది విశాఖ వన్‌టౌన్. గాలివాన ముదిరితే "బాంబులేటి గండం దాటినోళ్ళం, దీనికి బెదురుతామా" అనేది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు వేసిన బాంబుల సంగతే అది. కానీ ‘ఏటి’ అంటే ఏడా (సంవత్సరమా), ఏరా (నదా)?

విజీనారం: ఏడే. కరువేడు, తుపానేడు అన్నట్టే ఇదీనూ. ఆ ఏడాది పేరు చిత్రభాను అని పంచాంగం చూసి ఎవరు చెప్తారు?

గోస్తని: బాంబులు పడింది ఒక్కరోజు. ఏడు ఎలా అవుతుందండీ? జనం మూటాముల్లె కట్టుకుని ఊరొదిలి పోయారు. విజయనగరం దారి పట్టినవాళ్ళు తగరపువలస దగ్గర మా గోస్తని నది దాటాలి. ‘ఏటి గండం’, ‘దాటడం’ జంట మాటలు.

విజీనారం: చైత్రమాసంలో గోస్తనికి గండమా! ఆ రోజుల్లో ఉండేది ఇసకే. ఒక్కరోజుతో పోలేదు కూడా. 1933లో తెరిచిన రేవు యుద్ధంలో మిత్రరాజ్యాల సైన్యానికి స్థావరమైంది, అందుకే ‘ర్యుజో’ అనే జపాను విమానవాహక నౌక మీంచి విమానాలొచ్చాయి. ఆ రోజే కాకినాడ మీదా పడ్డాయి. ఆంధ్రా యూనివర్సిటీ గుంటూరు తరలిపోయింది. 1941 జూన్‌లో రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేసిన సింధియా ఓడల యార్డులో తొలి ఓడ ‘జల ఉష’ నీళ్ళలోకి దిగేసరికి 1948. ఏడు కాదు, ఏళ్ళు అనాలి.

ఛందోప్రియ: మీరిద్దరూ ‘కి’ వదిలేశారు. "బాంబులేటికి గండమేటికి" అని చదవండి. బాంబు మూడు మాత్రలు, లేటికి నాలుగు, గండ మూడు, మేటికి నాలుగు. అచ్చం గురజాడ ముత్యాలసరం ఛందస్సు నడక! ‘ఏటికి’ అంటే ఎందుకని. ఇది ఏదో పాట ముక్కే. 1910లో లోకమంతా తోకచుక్కకి హడలిపోతుంటే గురజాడ దాన్నే పట్టుకుని ‘ముత్యాల సరములు’ రాశాడు. భయాన్ని అలా తిప్పికొట్టిన కవి ఇంకొకడు లేడు. ఆ గతి ఉత్తరాంధ్ర నోళ్ళలో ఉండిపోయింది.

రేవుగట్టు: మాస్టారూ, అమ్మమ్మ నోట ‘కి’ వినలేదు. ‘దాటినోళ్ళం’ మాత్రం కచ్చితంగా ఉంది.

ఛందోప్రియ: మాత్రలు తప్పితే నోరు అలాగే సర్దుకుంటుంది బాబూ. ‘కి’ రాలిపోయే ఉంటుంది.

డాబాగార్డెన్స్: అందరూ దూరం పోతున్నారు. మన వైపు ‘ఏటి’ అంటే ‘ఏమిటి’ అనే కదా! రావిశాస్త్రి చదివినవాళ్ళకి వేరే చెప్పాలా? "బాంబులేటి? గండం దాటినోళ్ళం!" అని విరిచి పలకండి, సరిపోతుంది. బీచిలో పిల్‌బాక్సు (యుద్ధం నాటి కాంక్రీటు కాపలా గది) చూశారుగా, ఇసకలో సగం కూరుకుపోయి, తుపాకి పెట్టే సందు సముద్రం వైపు తిరిగి ఉంటుంది. దాన్ని రోజూ చూసిన మనిషి అలాగే అంటుంది.

గోస్తని: విరిస్తే ‘బాంబులు ఏటి’ అనాలి కదమ్మా, ‘బాంబులేటి’ ఎలా?

డాబాగార్డెన్స్: ఉకార సంధి అండీ! బాంబులు, ఏటి కలిస్తే బాంబులేటే.

విజీనారం: అదే సంధి నా ‘ఏటి’కీ పనికొస్తుంది. రేవుగట్టు గారూ, ఆవిడ ‘లే’ దగ్గర సాగదీసేదా, ‘టి’ దగ్గర ఆగేదా? మీ అమ్మగారిని అడిగి చెప్పండి.