28 వేలలో గ్రాఫిక్స్ కార్డ్ ఏది తీసుకోవాలి? బుర్ర వేడెక్కిపోయింది

పెదవాల్తేరు_ప్లేయర్ (శనివారం రాత్రి 11:42)

సాయంత్రం ఆరింటికి కూర్చున్నా, పన్నెండు కావస్తోంది. అన్నం కూడా కంప్యూటర్ ముందే తిన్నా. దానికి అమ్మ చేత తిట్లు వేరే. అయినా ఏ కార్డ్ కొనాలో తేలలేదు. ఒక వీడియోలో ఆర్‌టీఎక్స్ 4060 అంటాడు. ఇంకొకడు 8 జీబీ మెమరీ దండగ, 3060 12 జీబీ తీసుకో అంటాడు. మూడోవాడు ఆర్‌ఎక్స్ 6600 చాలు, మిగతా డబ్బులు దాచుకో అంటాడు. ద్వారకానగర్‌లో రెండు షాపులు తిరిగా. ఏం ఆడతావని కూడా అడక్కుండా స్టాక్‌లో ఉన్న డబ్బా తెచ్చి చేతిలో పెట్టారు.

నా సిస్టం బాగానే ఉంటుంది. ఐ5, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, 500 వాట్ల పవర్ సప్లై. ఇప్పుడున్నది 1050 టీఐ. ఫ్రెండ్ దగ్గర 3060 అడిగి తెచ్చి పెట్టి చూశా కూడా. డెస్క్‌టాప్ బాగానే వస్తుంది, గేమ్ మొదలెట్టిన రెండు నిమిషాలకి టప్పున ఆగిపోతోంది. అంటే 3060 నా బోర్డుకి పడదన్నమాట. మరి 4060నా, 6600నా? ఒక్క మాటలో చెప్పండి. సోమవారం జీతం పడుతుంది.

ముక్కుసూటి (11:51)

ఐ5లో ఏది? మానిటర్ ఏది? ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) ఏది? ఏం ఆడతావు? ఇవి లేకుండా చెప్తే అది జాతకం.

గాజువాక_గేర్ (11:58)

కళ్లు మూసుకుని 4060 తీసుకో బ్రో. 3060కి 170 వాట్లు కావాలి, దీనికి 115 చాలు. పైగా ఫ్రేమ్ జనరేషన్ (మధ్యలో అదనపు ఫ్రేములు కార్డే పుట్టించడం) ఉంది, అది 30 సిరీస్‌లో లేదు. నేను ఏడాది నుంచి వాడుతున్నా, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా హ్యాంగ్ అవలేదు.

పాత_సామాను (ఆదివారం 12:10)

28 వేలు పెట్టి కొత్తది ఎందుకు గురూ? అదే డబ్బుకి సెకండ్ హ్యాండ్‌లో ఒక మెట్టు పైది వస్తుంది. 3060 టీఐ చూడు.

గాజువాక_గేర్ (12:14)

సెకండ్ హ్యాండ్ అంటే క్రిప్టో మైనింగ్‌కి వాడిన కార్డే. ఏళ్ల తరబడి రాత్రీ పగలూ తిప్పిన బండిని ఆదివారం మాత్రమే తీసేవాళ్లమని చెప్పి అమ్మేస్తారు.

పాత_సామాను (12:21)

ఇథీరియం మైనింగ్ ఆగిపోయింది 2022 సెప్టెంబరు 15న. అప్పుడు అమ్మకానికొచ్చిన కార్డులు ఇప్పటికే రెండు మూడు చేతులు మారాయి. పోయేవి ఎప్పుడో పోయాయి, మిగిలినవి గట్టివే. ఎదురుగా గేమ్ పెట్టించుకుని అరగంట చూసి, ఫ్యాన్ల చప్పుడు విని, బిల్లు ఉంటే తీసుకోవడమే.

ముక్కుసూటి (12:23)

వాడి సిస్టంలో 3060 నిలబడట్లేదు. నువ్వు 3060 టీఐ పెట్టమంటున్నావు. దానికి 200 వాట్లు.

ఉప్పుగాలి (ఆదివారం ఉదయం 6:35)

పెదవాల్తేరు అన్నారు కాబట్టి చెబుతున్నాను. సముద్రానికి అంత దగ్గర ఇల్లయితే కార్డ్ కంపెనీ కన్నా ముందు కంప్యూటర్ ఏ కిటికీ పక్కన ఉందో చూసుకోండి. నాది లాసన్స్ బే. రెండేళ్ల క్రితం క్యాబినెట్ మూత తీస్తే కార్డ్ వెనక రేకు మీద తెల్లటి పొడి కనిపించింది. పక్క స్క్రూ తిప్పితే తల విరిగి చేతికొచ్చింది. ఉప్పు తేమను పీల్చుకుంటుంది, తడిసిన ఉప్పు రాగిని తినేస్తుంది. ఇక్కడ వానాకాలమనే కాదు, ఎండాకాలంలోనూ గాలి చెమ్మగానే ఉంటుంది కదా. కంప్యూటర్‌ను వారాల తరబడి కట్టేసి ఉంచకండి. రోజూ కాసేపు ఆన్ చేస్తే ఆ వేడికి తేమ ఆరుతుంది. గోడకి ఆనించొద్దు, నేల మీద పెట్టొద్దు.

ఇంకొకటి. కార్డ్ మార్చేటప్పుడు బంగారు రంగు కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో రుద్దే అలవాటు మనవాళ్లకు ఉంది. ఆ పూత చాలా పల్చన. మెత్తటి గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాసి తుడవండి చాలు.

పాత_సామాను (7:50)

మాస్టారూ, ఇరవై ఏళ్లుగా స్కూలు రబ్బరుతోనే ర్యామ్ తుడుస్తున్నాం. అన్నీ బతికే ఉన్నాయి.

ఉప్పుగాలి (8:02)

బతికి ఉన్నవే మీకు గుర్తుంటాయి.

సంపెంగ (9:15)

ఆ అబ్బాయి అడిగింది ఎక్కడో పోయింది. తమ్ముడూ, "బోర్డుకి పడదు" అనేది తప్పు. పెద్ద పీసీఐఈ స్లాట్ (కార్డ్ గుచ్చే చోటు) ఉన్న దాదాపు ఏ బోర్డు మీదైనా 3060 నడుస్తుంది. డెస్క్‌టాప్ వచ్చి, గేమ్ పెట్టగానే మొత్తం ఆగిపోతోందంటే కరెంటు చాలట్లేదనే ముందు అనుమానించాలి. క్యాబినెట్ పక్క రేకు తీసి పీఎస్‌యూ (పవర్ సప్లై) మీద స్టిక్కర్ చదివి ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయి. 500 అన్న పెద్ద అంకె వద్దు. +12వీ అన్న గడిలో ఎన్ని ఆంపియర్లో చూడు.

గాజువాక_గేర్ (9:20)

పీఎస్‌యూ కాదండీ, ఎస్‌ఎంపీఎస్ అనండి. విశాఖలో పీఎస్‌యూ అంటే ప్రభుత్వ రంగ సంస్థ, స్టీల్ ప్లాంట్.

సంపెంగ (9:26)

షిప్‌యార్డ్ కూడా. సరే, ఏదైనా స్టిక్కర్ చదవమను.

పాత_సామాను (9:31)

నిజానికి రెండూ ఒకటి కాదు. ఎస్‌ఎంపీఎస్ అంటే పనిచేసే పద్ధతి, స్విచ్చింగ్. మన ఫోన్ ఛార్జర్ కూడా ఎస్‌ఎంపీఎస్సే. పీఎస్‌యూ అంటే ఆ డబ్బా.

ముక్కుసూటి (9:33)

సందేహం దాని పేరు గురించి కాదు.

పెదవాల్తేరు_ప్లేయర్ (11:20)

సారీ, ఇప్పుడే లేచా. ప్రాసెసర్ ఐ5 9400ఎఫ్. బోర్డు హెచ్310. మానిటర్ 1080పీ, 75 హెర్ట్జ్. ఎక్కువగా వాలరెంట్, జీటీఏ 5, ఇక ముందు కొత్త ఓపెన్ వరల్డ్ గేమ్స్ ఆడదామని.

పవర్ సప్లై కంపెనీ పేరు రాయను, క్యాబినెట్‌తో పాటు వచ్చింది. స్టిక్కర్ మీద ఎర్రటి అక్షరాల్లో 500 అని ఉంది. కింద చిన్నగా +12వీ 18ఏ, +5వీ 20ఏ, ఇంకా ఏవో. దుమ్ము తుడిచి ఫోన్ లైట్ వేస్తే గానీ కనపడలేదు.

ఇంకో డౌట్. ఫ్రెండ్ కార్డ్ తీసేశాక నా 1050 టీఐ పెట్టకుండా హెచ్‌డీఎంఐ కేబుల్ డైరెక్టుగా మదర్‌బోర్డుకి పెట్టా. స్క్రీన్ మీద ఏమీ రాలేదు. బోర్డు కూడా పోయిందా? రాత్రి నుంచి అదొక టెన్షన్.

సంపెంగ (11:34)

బోర్డుకేం కాలేదు. 9400ఎఫ్‌లో ఆ ఎఫ్ అంటేనే లోపల గ్రాఫిక్స్ లేదని. బోర్డుకి హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్నా దానికి బొమ్మ పంపేవాడు లేడు. 1050 టీఐ పెట్టుకో, వస్తుంది.

ఇప్పుడు లెక్క చూడు. 12ని 18తో గుణిస్తే 216. అంటే నీ డబ్బా 12 వోల్టుల మీద ఇవ్వగలిగేది 216 వాట్లు, అదీ స్టిక్కర్ నిజం చెబితే. కార్డ్, ప్రాసెసర్ రెండూ తాగేది ఆ లైను నుంచే. 3060కి 170, 9400ఎఫ్‌కి 65, కలిపితే 235. ఫ్యాన్లు, హార్డ్ డిస్క్ ఇంకా వేయలేదు. పైగా కార్డ్ క్షణకాలం దాని అంకె కన్నా పైకి ఎగురుతుంది. డెస్క్‌టాప్ మీద ఖాళీగా ఉన్నప్పుడు ఏమీ తెలియదు, గేమ్‌లోకి వెళ్లగానే డబ్బా చేతులెత్తేస్తుంది. 1050 టీఐ 75 వాట్లతో స్లాట్ నుంచే బతికేస్తుంది కాబట్టి ఇన్నాళ్లూ నీకు తెలియలేదు.

గాజువాక_గేర్ (11:40)

అందుకే 4060 అన్నా. 115, 65 కలిపితే 180. సరిపోయింది.

ముక్కుసూటి (11:42)

దానికీ కరెంటు ఇచ్చే 8-పిన్ కేబుల్ కావాలి. ఈ డబ్బాకి 8-పిన్ ఉందా?

పెదవాల్తేరు_ప్లేయర్ (11:49)

ఉంది. 4, 4 గా విడిపోయేది. కానీ అది బోర్డు పైమూల ప్రాసెసర్ దగ్గర పెట్టి ఉంది.

సంపెంగ (11:52)

అది ప్రాసెసర్‌ది. కార్డ్‌ది 6, 2 గా విడిపోతుంది. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉన్నా వైర్ల వరస తిరగబడి ఉంటుంది. బలవంతంగా దూర్చావా, షార్టే.

ఆగు. మరి ఫ్రెండ్ 3060కి కరెంటు ఎక్కడి నుంచి ఇచ్చావు?

పెదవాల్తేరు_ప్లేయర్ (11:55)

షాపులో 150 రూపాయలకి ఒక కన్వర్టర్ ఇచ్చాడు కదా. పాత హార్డ్ డిస్కులకి పెట్టే పెద్ద నాలుగు పిన్నుల దాన్నుంచి 8-పిన్‌కి. అది పెట్టా. చెప్పలేదా?

ముక్కుసూటి (11:55)

చెప్పలేదు.

ముక్కుసూటి (11:56)

పీకెయ్. ఇప్పుడే.

సంపెంగ (12:03)

మోలెక్స్ అంటారు దాన్ని. అందులో 12 వోల్టుల వైరు పసుపుది ఒక్కటే. ఎర్రది 5 వోల్టులు, రెండు నల్లవి ఎర్త్. 8-పిన్ 150 వాట్ల దాకా లాగొచ్చు, అంటే 12న్నర ఆంపియర్లు, ఆ ఒక్క పసుపు వైరు మీద. వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. నీ సిస్టం ఆగిపోవడం నీ అదృష్టం. ఏమైనా వాసన వచ్చిందా?

పెదవాల్తేరు_ప్లేయర్ (12:11)

కొద్దిగా. కొత్త కార్డ్ కదా, అలాగే ఉంటుందనుకున్నా.

ఇప్పుడు తీసి చూశా. పసుపు వైరు దగ్గర తెల్ల ప్లాస్టిక్ బ్రౌన్ కలర్‌లోకి వచ్చి కొంచెం ఉబ్బింది. ఫ్రెండ్‌కి చెప్పాలా?

పాత_సామాను (12:13)

కార్డ్ పిన్నులు ముందు చూడు. అవి శుభ్రంగా ఉంటే వాడికి బిర్యానీ పెట్టించి తర్వాత చెప్పు.

సంపెంగ (12:30)

ఇప్పుడు కార్డ్ సంగతి. 28 వేలూ కార్డ్‌కే పోసేయకు. అందులోంచి ముందు 550 వాట్ల మంచి సప్లై, 6, 2 కేబుల్ దానిదే ఉన్నది తీసుకో. మిగిలినదాంట్లో ఆర్‌ఎక్స్ 6600 వస్తే అదే తీసుకో. 132 వాట్లు, 8 జీబీ, నీ 1080పీ స్క్రీన్‌కి సరిపోతుంది. ఇంకో నాలుగైదు వేలు పెట్టగలిగితే 4060. నీ బోర్డు పీసీఐఈ 3.0 తరానిది, ఈ రెండు కార్డులూ ఎనిమిది లేన్లవి (లేన్ అంటే బోర్డుకీ కార్డుకీ మధ్య డేటా దారి). తేడా ఉంటుంది గానీ ఆటలో కనిపించేంత కాదు. 6500 ఎక్స్‌టీ మాత్రం చవగ్గా దొరికినా ముట్టుకోకు. దానికి నాలుగు లేన్లే, 4 జీబీయే, పాత బోర్డు మీద బాగా పడిపోతుంది. ఇంటెల్ ఆర్క్ కూడా వద్దు. దానికి రీసైజబుల్ బార్ (కార్డ్ మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సౌకర్యం) ఉండాలి, నీ తరం బోర్డుల్లో దాని మీద నమ్మకం పెట్టుకోలేం.

సప్లై మార్చడం అసలు ఇష్టం లేకపోతే 3050లో 6 జీబీ రకం ఉంది. 70 వాట్లు, చాలా వాటికి విడిగా కేబుల్ అక్కర్లేదు. 1050 టీఐ మీద బాగా మెరుగు. కానీ ఆ డబ్బాని నేనైతే నమ్మను.

ఏది కొన్నా టేపు పెట్టి క్యాబినెట్ లోపల పొడవు కొలుచుకో. మూడు ఫ్యాన్ల కార్డులు హార్డ్ డిస్క్ గూడుకి తగిలి ఆగిపోతాయి.

గాజువాక_గేర్ (12:41)

9400ఎఫ్‌కి 4060 పెడితే బాటిల్‌నెక్ కదా, ప్రాసెసర్ కార్డ్‌ని వెనక్కి లాగదా? ఆరు కోర్లు, ఆరు థ్రెడ్లే.

పాత_సామాను (12:47)

మొదట 4060 అన్నది నువ్వే కదా.

గాజువాక_గేర్ (12:49)

అప్పుడు ప్రాసెసర్ చెప్పలేదుగా.

ముక్కుసూటి (12:55)

బాటిల్‌నెక్ అనేది ఎప్పుడూ ఏదో ఒకచోట ఉంటుంది. వాలరెంట్‌లో ప్రాసెసర్ దగ్గర, కొత్త గేముల్లో కార్డ్ దగ్గర. 75 హెర్ట్జ్ స్క్రీన్ మీద సెకనుకి 75 ఫ్రేములకి మించి ఎలాగూ కనపడదు.

గాజువాక_గేర్ (1:02)

కనపడకపోయినా చేతికి తెలుస్తుంది. ఫ్రేములు పెరిగితే ఇన్‌పుట్ లాగ్ తగ్గుతుంది.

ముక్కుసూటి (1:04)

అది లేటెన్సీ. లాగ్ అని అన్నిటికీ వాడకు.

ఉప్పుగాలి (1:30)

యూపీఎస్ గురించి ఎవరూ అడగలేదు. 600 వీఏ అయితే అది 600 వాట్లు కాదు, చాలా వాటికి 360 వాట్లే. కార్డ్ పెద్దదయ్యాక కరెంటు పోయిన క్షణంలో గేమ్ నడుస్తుంటే, బ్యాటరీ పాతదైతే, యూపీఎస్ కూడా వెంటనే పడుకుంటుంది. 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత మా వీధికి కరెంటు వచ్చిన రోజు వోల్టేజి ఎగిరి నా పాత సిస్టం సప్లై, బోర్డు రెండూ కలిసి పోయాయి. అప్పటి నుంచి గాలివాన అంటే ముందు ప్లగ్గు పీకేస్తాను.

పాత_సామాను (1:41)

హుద్‌హుద్ టైంలో మా ఇంట్లో కరెంటు కన్నా ముందు మంచినీళ్లు లేవు మాస్టారూ. కంప్యూటర్ ఎవరికి గుర్తుంది.

పెదవాల్తేరు_ప్లేయర్ (బుధవారం రాత్రి 10:17)

సప్లై మార్చా. 550 వాట్లు, బ్రాంజ్ రేటింగ్ (కరెంటు తక్కువ వృథా చేసే రకం). కేబుల్స్ పెట్టడానికే రెండు గంటలు పట్టింది. ఫ్రెండ్ కార్డ్ పిన్నులు బాగానే ఉన్నాయి, మూడు గంటలు ఆడినా ఆగలేదు. ఇప్పుడు వాడే అమ్మేస్తానంటున్నాడు, 15 వేలకి. చూడాలి. థాంక్స్ అందరికీ.

ముక్కుసూటి (10:25)

ఏ కంపెనీ సప్లై?

ఉప్పుగాలి (గురువారం ఉదయం 6:20)

కిటికీ ఎటువైపు ఉందో చెప్పనే లేదు.