అంగారకుడి ఫొటోల్లో రంగు నిజమేనా? (పాత గొడవే, అయినా అడుగుతున్నా)

డార్క్‌రూమ్:
ముందే చెబుతున్నా, చంద్రుడి మీదికి ఎవరూ వెళ్లలేదనే బాపతు కాదు నేను. నా ప్రశ్న ఒక్కటే. 2004లో దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్ల మీద అరచేతిలో పట్టేంత నీడగడియారం ఒకటుంది. దాని నాలుగు మూలలా నాలుగు రంగుబిళ్లలు: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. ఫొటోలో రంగు సరిగ్గా పడిందో లేదో పోల్చుకోవడానికి. ఇక్కడ తీసిన ఫొటోలో నీలం బిళ్ల నీలంగానే ఉంది. అక్కడికెళ్లాక తీసిన కొన్నిట్లో అదే బిళ్ల గులాబీ రంగు. తూకం రాయే తప్పయితే తూకం ఎలా నమ్మాలి? ఇరవై రెండేళ్లు కలర్ ల్యాబ్‌లో ప్రింట్లు వేశాను. రంగు ఎలా తప్పుతుందో తెలుసు, ఎలా తప్పిస్తారో కూడా తెలుసు.

ఎర్రబస్సు:
మళ్లీ మొదలా స్వామీ.

రాళ్లమాస్టారు:
దీనికి జవాబు ఇరవై ఏళ్ల కిందటే వచ్చింది. ఓపిగ్గా చదవండి. ఆ రోవర్ల మీదున్న పాన్‌క్యామ్ అనే కెమెరా మన ఫోన్ కెమెరా లాంటిది కాదు. రంగులు తెలియని సెన్సర్, దాని ముందు చక్రంలో తిరిగే ఫిల్టర్లు. ఒక్కో ఫిల్టరు అడ్డుపెట్టి ఒక్కో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీస్తుంది. మూడు కలిపితే ఒక రంగు ఫొటో. ఎరుపు ఛానెల్లో ఎర్ర ఫిల్టరు బొమ్మ పెట్టాల్సిన చోట చాలాసార్లు 753 నానోమీటర్ల ఫిల్టరు బొమ్మ పెట్టారు. అది పరారుణం, అంటే ఇన్‌ఫ్రారెడ్ అంచు, మన కంటికి దాదాపు ఆనదు. రాళ్లలో ఖనిజాల తేడా అందులో బాగా తేలుతుందని ఆ ఫిల్టరు ఎక్కువగా వాడేవారు. బిళ్లకి పూసిన నీలం మన కంటికి నీలమే గాని, పరారుణంలో తెల్లగా మెరుస్తుంది. ఆ మెరుపు ఎరుపు ఛానెల్లోకి వచ్చి కూర్చుంది. నీలానికి ఎరుపు తోడైతే గులాబీ కాక ఏమవుతుంది? ల్యాబ్‌లో పనిచేశానంటున్నారు, ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ములో చెట్ల ఆకులు తెల్లగా రావడం మీరు చూసే ఉంటారు. ఇదీ అంతే.

తోకచుక్క:
అవన్నీ సరే సార్, అక్కడ నిలబడి తలెత్తితే ఆకాశం ఏ రంగు? అది చెప్పండి చాలు.

రాళ్లమాస్టారు:
పగలు మట్టి కలిపినట్టుండే పసుపు. గాలిలో ఎప్పుడూ తేలుతుండే సన్నదుమ్ములో ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది, అంటే తుప్పే. అది నీలాన్ని మింగేస్తుంది. సాయంత్రం మాత్రం సూర్యుడి చుట్టూ నీలం. 2015 ఏప్రిల్‌లో క్యూరియాసిటీ రోవర్ అక్కడి గేల్ క్రేటర్ అనే పెద్ద గుంట నుంచి తీసిన సూర్యాస్తమయం చూడండి, మన సాయంత్రాన్ని తిరగేసినట్టుంటుంది. ఆ దుమ్ము రేణువుల సైజు అలాంటిది, నీలం కాంతిని పెద్దగా పక్కలకి పోనివ్వకుండా ముందుకే నెడుతుంది. అందుకే సూర్యుడున్న వైపే నీలం కనిపిస్తుంది.

డార్క్‌రూమ్:
ఫిల్టరు సంగతి తెలియక అడగలేదు మాస్టారూ, తెలిసే అడిగాను. పరారుణం పెట్టి కలిపిన ఫొటో జనంలోకి వెళ్లిందా లేదా? పోనీ, అది పక్కన పెట్టండి. 1976 జూలై 20న వైకింగ్ 1 అనే ల్యాండరు అక్కడ దిగింది. మర్నాడు వచ్చిన మొదటి రంగు ఫొటోలో ఆకాశం లేత నీలం. తర్వాత సరిదిద్దామని చెప్పి గులాబీ చేశారు. ఫొటో ఒకటే, ఆకాశాలు రెండు. నా దగ్గరికి కస్టమరొచ్చి "నా చొక్కా ఈ రంగు కాదు" అంటే చచ్చినట్టు మళ్లీ ప్రింటు వేసేవాణ్ని. ఇక్కడ చొక్కా కళ్లారా చూసినవాడే లేడు!

రాళ్లమాస్టారు:
చూసినవాడు లేడు కాబట్టే బిళ్లలు పెట్టింది. వైకింగ్ మొదటి ఫొటోకి హడావిడిలో మనకి అలవాటైన లెక్కలో రంగులు సర్దారు. తర్వాత ల్యాండరు మీదున్న రంగుపట్టీలతో పోల్చి దిద్దారు. తప్పు దిద్దుకుంటే మోసమెలా అవుతుందండీ?

ఆ మాటకొస్తే ఎరుపు కూడా పైపూతే. 2013 ఫిబ్రవరిలో క్యూరియాసిటీ అక్కడి రాతికి మొదటిసారి బెజ్జం వేసింది. వెడల్పు 1.6 సెంటీమీటర్లు, లోతు 6.4. చుట్టూ ఎర్రటి రాయి, బెజ్జం చుట్టూ మాత్రం సిమెంటు ఒలికినట్టు బూడిద రంగు పొడి. నాకు ఆ గ్రహం ఫొటోలన్నిట్లో అదే ఇష్టం. ఆ పొడిలో బంకమట్టి ఖనిజాలు దొరికాయి. ఒకప్పుడు అక్కడ మరీ ఉప్పగా, మరీ పుల్లగా లేని నీళ్లుండేవనీ, సూక్ష్మజీవులు బతకగలిగే చోటేననీ తేల్చారు.

డార్క్‌రూమ్:
మీ నోటితోనే వచ్చింది. ఎర్రగ్రహం ఎరుపు కాదు.

రాళ్లమాస్టారు:
గోడకి సున్నం వేస్తే తెల్లగోడ అంటామా అనమా?

సైడ్‌బెర్తు:
మరి అక్కడ మనిషి ముఖం ఉందన్నారుగా?

ఎర్రబస్సు:
1976లో నీడపడి ముఖంలా కనిపించిన గుట్ట. 2001లో మళ్లీ స్పష్టంగా తీస్తే ముక్కూ లేదు, మూతీ లేదు. దయచేసి దాన్ని ఇక్కడికి లాగొద్దు.

రాళ్లమాస్టారు:
డార్క్‌రూమ్ గారూ, నాకు ఒళ్లు మండేది ఎక్కడో చెబుతాను. తొమ్మిదో తరగతికి పాఠం చెబుతాను నేను. మొన్న క్లాసులో అంగారకుడి మీది షార్ప్ పర్వతం ఫొటో వేశాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "అవన్నీ ఎడిటింగేనట కదా సార్" అంది. క్లాసంతా నవ్వు. ఏళ్ల తరబడి వందలమంది కష్టపడి పంపిన యంత్రం, ఒక్క మాటతో గాలికిపోయింది. ఆ మాట ఎక్కడ పుట్టింది? ఇలాంటి చర్చల్లోనే. గులాబీ బిళ్ల, గులాబీ బిళ్ల అని మీలాంటివాళ్లు ఇరవై ఏళ్లుగా ఊదుతూ ఉంటే పుట్టింది. పిల్లల బుర్రలు పాడుచేసి మీకేం వస్తుంది?

డార్క్‌రూమ్:
"మీలాంటివాళ్లు" అన్నారు. సరే, నేనూ చెబుతాను. షార్ప్ పర్వతం అన్నారు కదా, 2013లో విడుదలైన ఫొటోనేనా? ఆకాశం కాస్త నీలంగా, మబ్బు పట్టిన పొద్దులా ఉంటుంది, అదేనా? అదే ఫొటో మా తమ్ముడి గది గోడకి ఉండేది, నిలువెత్తు పోస్టరు. వెళ్లడమే గాని తిరిగి రావడం ఉండదంటూ ఒక సంస్థ దరఖాస్తులు తీసుకుంటే ఫీజు కట్టాడు. ఉద్యోగం మీద మనసు పోయింది. పెళ్లి మాటెత్తితే "నేను ఉండను కదా అన్నయ్యా" అనేవాడు. రాత్రి లైటు తీసే ముందు ఆ పోస్టరు వైపు చూసేవాడు. ఒకరోజు నేనే అడిగాను, అక్కడేం చూసిరా నీకంత ఇది అని. "చూడు, మనూళ్లో గుట్టలాగే లేదూ?" అన్నాడు.

ఆ గుట్ట దగ్గర హెల్మెట్ తీస్తే నాలుక మీద తడి మరుగుతుందండీ. గాలి ఒత్తిడి మన దాంట్లో నూరో వంతు కూడా లేదు. ఉన్న కాస్త గాలీ 95 శాతం కార్బన్ డయాక్సైడ్. మట్టిలో పెర్‌క్లోరేట్ అనే రసాయనం ఉందని 2008లో ఫీనిక్స్ ల్యాండరు చెప్పింది, అది థైరాయిడ్‌కి చేటు. ఇవేవీ ఆ పోస్టరులో కనిపించవు. ఆ సంస్థ తర్వాత మూతపడింది. వాడికి ఇప్పుడు ముప్పై ఆరు. పోస్టరు తీసిన చోట గోడ రంగు ఇంకా తేడాగానే ఉంది.

నిర్వాహకుడు:
వ్యక్తిగత దూషణలు వద్దు. ఇంకోసారి అయితే చర్చకి తాళం వేస్తాను.

ప్రాణవాయువు:
బాధ అర్థమైంది గాని, బతకలేమని తేల్చేయకండి. పర్సివరెన్స్ రోవర్‌లో మాక్సీ అనే పెట్టె అక్కడి గాలి నుంచే ఆక్సిజన్ తీసింది. 16 సార్లు నడిపితే మొత్తం 122 గ్రాములు.

డార్క్‌రూమ్:
ఒక మనిషికి రోజుకి 800 గ్రాముల పైచిలుకు కావాలి.

ప్రాణవాయువు:
అది నమూనా అండీ బాబూ! మైక్రోవేవ్ అవెన్ అంత పెట్టె అది.

రాళ్లమాస్టారు:
తమ్ముడి సంగతి తెలియక తూలాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ ఫొటో గురించి మాత్రం చెప్పాలి. అది వైట్ బ్యాలెన్స్ చేసిన ఫొటో. ఆ రాళ్లు భూమ్మీది వెలుతురులో ఉంటే ఎలా ఉంటాయో అలా రంగులు సర్దారు. జియాలజిస్టు కళ్లకి ఇక్కడి రాళ్లతో పోల్చుకోవడం తేలిక. ఆకాశం అసలు కన్నా నీలంగా కనిపిస్తుందని కింద వివరణలో రాశారు కూడా. దాచలేదు.

డార్క్‌రూమ్:
పోస్టరు మీద వివరణ వేస్తారా? మీరు క్లాసులో వేసినప్పుడు వేశారా?

తోకచుక్క:
😬

రాళ్లమాస్టారు:
లేదు. ఇప్పుడే నా స్లైడు తెరిచి చూశాను. ఫొటో ఒక్కటే ఉంది.

అయితే దీనికి మందు, సర్దని ఫొటోనే చూపించాలని మీరనుకుంటే అదీ నిజం కాదు. సెన్సరుకి అందింది మన కంటికి అందేది కాదు. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట సర్దక తప్పదు. ల్యాబ్‌లో మీరు చేసింది అదే కదా?

డార్క్‌రూమ్:
చేశాను. కస్టమర్ల ముఖాలు కాస్త తెల్లబరిచి ఇచ్చేవాణ్ని, అడక్కుండానే. సంతోషపడేవాళ్లు. అందుకే చెబుతున్నా, సర్దొద్దనడం లేదు. ఎవరి సంతోషానికి సర్దారో చెప్పమంటున్నా. మనిషి వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం, మీ వాదన మీది. మా గుట్ట లాంటి గుట్ట చూపించి మాత్రం రమ్మనొద్దు.

రాళ్లమాస్టారు:
వెళ్లాలనే నేనంటాను. కష్టమని చెప్పి మరీ. సోమవారం క్లాసులో రెండు ఫొటోలూ పక్కపక్కన వేస్తాను, ఆ పసుపు ఆకాశంది, ఈ నీలంది. లేచి అడిగిన ఆ అమ్మాయి చేతే తేడా చెప్పిస్తాను.

ఎర్రబస్సు:
హమ్మయ్య. ఇక తాళం వేయొచ్చు.

డార్క్‌రూమ్:
వేయండి. బిళ్ల మాత్రం గులాబీగానే ఉంది.