‘జింగ్’ అంటే సూత్రమా, తంత్రమా, పడుగా?

గ్రూపులో పెద్దలకు నమస్కారం. చైనా పాత వైద్య గ్రంథాలను ఎవరైనా చదువుకునేలా, వెతుక్కునేలా ఒక డిజిటల్ లైబ్రరీలో పెట్టే పనిలో నేనూ ఓ చెయ్యి వేస్తున్నాను. నా వంతు పుస్తకాల పేర్లకు తెలుగు సూచిక. మొదటి పేరు దగ్గరే బండి ఆగింది.

‘హువాంగ్‌దీ నేయ్‌జింగ్’. హువాంగ్‌దీ అంటే పసుపు చక్రవర్తి, పురాణ పురుషుడు. నేయ్ అంటే లోపలి. మరి జింగ్? ‘అంతర సూత్రం’ అని రాశాను, మళ్ళీ కొట్టేశాను. ఎందుకంటే ఆ అక్షరంలో ఎడమవైపు పట్టుదారం గుర్తు ఉంటుంది, కుడివైపు మగ్గం మీద సాగదీసిన పోగులు. అసలు అర్థం పడుగు. అక్కడి నుంచి ‘కదలకుండా నిలిచేది’ అయి, ప్రామాణిక గ్రంథానికి పేరైంది. అదే అక్షరం ఒంట్లో చీ (ప్రాణశక్తి) ప్రవహించే నాళాలకు కూడా వాడతారు, ఆక్యుపంక్చర్ వాళ్ళు మెరిడియన్లు అనేవి. నెలసరికి చైనీస్‌లో ఉన్న మాటలోనూ ఇదే. రేఖాంశం అన్నా ఇదే: భూగోళానికి పడుగు. అక్షాంశం పేక!

ఇన్ని అర్థాలున్న అక్షరానికి తెలుగులో ఏ మాట పెట్టమంటారు?

జవాబు: సూత్రం తప్పేమీ కాదండీ. బౌద్ధ సూత్రాలను చైనీస్‌లోకి మార్చినప్పుడు వాళ్ళు ఎంచుకున్న మాట జింగే కదా. దారానికి దారం సరిపోయింది. కానీ ఇంకా దగ్గరి మాట తంత్రం. ‘తన్’ అంటే సాగదీయడం. వేదంలో తంత్రం అంటే మగ్గం, మగ్గం మీది పడుగు. తర్వాత శాస్త్రగ్రంథం అనే అర్థం వచ్చింది. సుశ్రుత సంహిత చివరి భాగం పేరు ఉత్తరతంత్రం, చూడండి. మగ్గం నుంచి వైద్య గ్రంథం దాకా రెండు భాషలూ ఒకే దారిలో నడిచాయి.

మళ్ళీ నేను: మాస్టారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. కానీ ‘అంతర తంత్రం’ అని రాస్తే ఇవాళ చదివేవాళ్ళకి నిమ్మకాయలు, ముగ్గులు గుర్తొస్తాయి. లేదంటే ఎవరో ఎవరి మీదో తంత్రం పన్నుతున్నారనుకుంటారు.

ఇంకొకరి జవాబు: మాది చేనేత కుటుంబం. పడుగు అనే మాటకు ఇంత గౌరవం దక్కడం చూసి మా నాన్నకి చదివి వినిపించాను. ఆయన ఒకటే అన్నారు: "పేక పోగు తెగితే పెద్ద బాధ లేదు. పడుగులో తెగితే అదే పోగు వెతికి, అక్కడే ముడెయ్యాలి. పక్క పోగుకి వేస్తే బట్ట చెడుద్ది." మీ పనికి పనికొస్తుందేమో.

మళ్ళీ నేను: ఎంత మాట చెప్పారండీ! పాత చైనా పుస్తకాలు వెదురు బద్దలు. వాటిని దారంతో కట్టేవారు. దారం తెగితే బద్దలు తారుమారవుతాయి. అలా చెదిరిన పాఠానికి ‘తప్పిన బద్దలు’ అని ఇప్పటికీ ఒక పారిభాషిక పదం ఉంది. పోగులు వెతకడానికి పక్క దేశాలకూ వెళ్ళాల్సి వచ్చింది. నేయ్‌జింగ్‌లో రెండు భాగాలు, సూవెన్, లింగ్‌షూ. ఒక్కోదానిలో 81 అధ్యాయాలు. సూవెన్‌ను 762లో వాంగ్ బింగ్ పరిష్కరించాడు. లింగ్‌షూ మూలం అనుకునే ‘సూది జింగ్’ చైనాలో దొరక్కపోతే 1090ల తొలినాళ్ళలో కొరియా నుంచి ఆస్థానానికి వచ్చింది. ఇక 1973లో మావాంగ్‌దుయ్ సమాధిలో పట్టుగుడ్డ మీద రాసిన ప్రతులు బయటపడ్డాయి. ఆ సమాధి క్రీ.పూ. 168 నాటిది. ఆ ప్రతుల్లో నాళాలు పదకొండే, లింగ్‌షూలో పన్నెండు. ‘ఒకటి రాయడం మరిచాడు’ అని మనం పన్నెండోది చేర్చేశామా, పక్క పోగుకి ముడి వేసినట్టే.

మరొకరి జవాబు: ఇంత టెన్షన్ ఎందుకండీ? అన్నిచోట్లా ఒకే మాట పెట్టేస్తే సెర్చ్‌కి సులువు కదా.

మళ్ళీ నేను: సులువు చేయబోయి శొంఠి పోగొట్టుకున్నాం! పాత లిపిలో ‘ఎండిన అల్లం’ అని రెండు అక్షరాలు. చైనాలో సరళం చేసిన లిపిలో ‘ఎండిన’కి వాడే అక్షరమే చెట్టు మాను అనే మాటకూ, డాలుకూ వాడతారు. ‘అల్లం’ అక్షరమేమో ఒక ఇంటిపేరుతో కలిసిపోయింది. కొత్త లిపిలో ఎక్కించిన పుస్తకాన్ని సాఫ్ట్‌వేర్‌తో పాత లిపికి తిప్పితే, అదృష్టం బాగుంటే శొంఠి వస్తుంది. లేకపోతే మందులో ‘మాను’, ఒక మనిషి ఇంటిపేరు. అందుకే పేజీ ఫొటో పక్కనే, ఉన్నది ఉన్నట్టు పాఠం. దిద్దుబాటు ఏదైనా వేరే గడిలో. మన వికీసోర్స్‌లో బొమ్మ చూసుకుంటూ దిద్దుతామే, అలాగే. నేను అక్కడ దిద్దిన ఒక పేజీలో శొంఠి ‘శొంరి’ అయి కూర్చుంది. ఠ కడుపులో చుక్క, బొమ్మ నుంచి అక్షరాలు చదివే యంత్రానికి కనపడలేదు.

వేరొకరి జవాబు: మీ సూచికలో మన నాగార్జునుడు ఉన్నాడా? చైనాలో ఆయన పేరుమీద కంటివైద్య గ్రంథం ఉందని విన్నాను.

మళ్ళీ నేను: ఉంది, కానీ నాగార్జున అని వెతికితే దొరకదు. అక్కడ ఆయన ‘లోంగ్‌షూ’. లోంగ్ అంటే డ్రాగన్, నాగుకి బదులు. షూ అంటే చెట్టు, ఎందుకంటే అర్జునమంటే తెల్లమద్ది! ఆయన రాశాడని కాదు, పేరు తగిలించారు. తాంగ్ రాజవంశ కాలపు కవి బాయ్ జూయీ కంటిజబ్బు మీద రాసిన పద్యంలోనూ ఆ పుస్తకం ప్రస్తావన ఉంది.

సరే, ప్రస్తుతానికి ఇలా చేస్తున్నాను. పుస్తకం పేరులో ‘జింగ్’ అలాగే. పక్కన ‘మూలగ్రంథం’. ఒంట్లో అయితే ‘నాళం’. పడుగు కథ గమనికలో. కానీ తెలుగు లిపి ఇంకో పేచీ పెడుతోంది. శరీరసారం అనే అర్థమున్న జింగ్ వేరే అక్షరం. ‘షాంగ్‌హాన్ లున్’ అనే వైద్య గ్రంథం రాసిన జాంగ్ జోంగ్‌జింగ్ పేరు చివరిది ఇంకో అక్షరం. మనకి అన్నీ జింగే. నిన్న 81 చిక్కుప్రశ్నల పుస్తకం ‘నాన్‌జింగ్’ ఎక్కించి, సరిగ్గా వస్తోందా అని వెతికాను. 1596లో లీ షిజెన్ ఔషధ గ్రంథం ‘బెన్‌త్సావ్ గాంగ్‌మూ’ అచ్చయిన ఊరు వచ్చింది. ఆ ఊరి పేరూ నాన్‌జింగే. దీనికేం చేద్దామంటారు?